కిష్టవ్వ బతికి ఉన్న పదకొండు నెలలు

నాంపల్లి, హైదరాబాదు
16 ఫిబ్రవరి 1967

గ్రామీణ ఉత్పత్తుల ప్రోత్సాహక మండలి కార్యదర్శి గారి సముఖమునకు, ఆబిడ్స్ వెనక గల్లీలో అచ్చుయంత్రం నడుపుకొను సదాశివ, వయసు నలభై తొమ్మిది, దాఖలు చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ కార్యాలయపు ఫైలులో 9 ఆగస్టు 1965 నాడు కీర్తిశేషురాలుగా నమోదైన కిష్టవ్వ, గ్రామం ఎర్రకుంట, ఆ తేదీ తర్వాత మరి పదకొండు నెలలు బతికే ఉండెనని రికార్డు సవరించుట గురించి.

తమరు ఈ కుర్చీలోకి వచ్చి నాలుగు నెలలే అయినది కనుక జరిగినదేదీ తమరి హయాములోది కాదు. గత మంగళవారం నన్నూ, కిష్టవ్వ కోడలు జయమ్మనూ ఐదు నిమిషాలు విని, "ఇదంతా నోటిమాటగా చెబితే ఎట్లా, రాసి ఇవ్వండి" అని సెలవిచ్చినారు. రాసి ఇస్తున్నాను. ఇరవై ఏండ్లుగా జాగీర్దార్ల మీద, బాబాల మీద, తాయెత్తుల మీద, ప్రభుత్వాల మీద రాసినవాణ్ణి. ఒక మనిషి బతికి ఉండెనని రుజువు చేయుటకు కలం పట్టవలసి వచ్చుట ఇదే మొదలు.

1. 1964 ఎండకాలంలో తమ మండలి "రైతు సరుకు - రైతు పేరు" అను పథకం ప్రారంభించింది. రైతు మిరపపండును పండుగానే బుట్టకెత్తితే ధర మండీ చెబుతుంది. దాన్నే తొక్కు నూరి, సీసాకెత్తి, సీసా మీద తన పేరు వేసుకుంటే ధర రైతు చెబుతాడు. పథకపు సారం ఇంతే. చెలక రైతు వాన ఒక్కదాన్ని నమ్ముకొని బతకరాదు. కందులు ఉన్నవాడు పప్పు విసిరించి సంచికెత్తాలె, గుట్ట మీద సీతాఫలం ఉన్నవాడు బుట్ట మీద ఊరి పేరు రాయించాలె, పట్నంలో కొనేవాడు "ఫలానా ఊరి బుట్ట ఉన్నదా" అని అడిగే రోజు రావాలె అని ప్రచార ఉపసంఘంలో కూర్చొని గొంతు చించుకున్నవారిలో నేనొకణ్ణి. "పంటను అమ్ముకోకు, పేరును అమ్ముకో" అని కరపత్రం రాసినదీ నేనే. ఐదువేల ప్రతులు నా యంత్రం మీదనే వేసినాను. ఇప్పుడు ఆ వాక్యం ఎక్కడ కనబడినా తల తిప్పుకుంటాను.

నా మిత్రులు కొందరు, మొఖం బొమ్మ వేసి సరుకు అమ్ముడు సేట్ల విద్య అన్నారు. సేటుకు తెలిసిన విద్య రైతుకు తెలిస్తే నీ సొమ్మేం పోయిందని మొజంజాహీ మార్కెట్ ముందర నిలబడి వాళ్లతో కొట్లాడినాను. నేటికీ అదే అంటాను. పథకం తప్పు కాదు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఈ అర్జీ చదివి తమరు పథకాన్నే ఎత్తేస్తారేమోనని నా ఫికర్. కార్యాలయాలకు తప్పు దిద్దుట కంటే తలుపు మూయుట సులువు.

2. కిష్టవ్వ ఇబ్రహీంపట్నం అవతల ఎర్రకుంటలో ఉండేది. అరవై ఏండ్ల మనిషి. నాలుగెకరాల చెలక, ఒక బాయి, కొడుకు అంజయ్య, కోడలు జయమ్మ. ఆమె నూరే పండుమిరపకాయ తొక్కు చుట్టు ఐదూర్లలో పేరుపడ్డది. నూరేటప్పుడు నోట్లో వేసుకొని చూసేది కాదు. ఎంగిలైతే ఏడాది నిలువదని ఆమె పద్ధతి. పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, కండ్లు మూసుకొని, ఉప్పు చాలిందో చాలలేదో వాసనతో చెప్పేది. ఉప్పుకు వాసన ఉండదని నేను వాదించినాను. "నీకు లేదేమో" అన్నది.

పథకానికి ఈమె తగునని మండలికి చెప్పినది నేను. బొమ్మ దిగనంటే ఒప్పించినదీ నేను. ఫోటో తీయడానికి మనిషిని వెంటబెట్టుకొని పోయిననాడు ఆమె కండ్లు కెమెరా అద్దం వైపు కాకుండా నా వైపు పెట్టింది. నేను ఆ ఫోటోగ్రాఫరు భుజం పక్కనే నిలబడి ఉంటిని. అందుకే ఆ బొమ్మలో ఆమె చూసేది కొనేవాళ్లను కాదు.

3. ఈ అంశం నాకే వ్యతిరేకము. అయినను దాఖలు చేయుచున్నాను.

1965 జనవరిలో పట్నంలో జరిగే పెద్ద ప్రదర్శన నుమాయిష్‌లో ఆమె సీసాలు పెట్టుటకు మండలి నాకు రెండు రోజుల గడువుతో లేబుళ్లు వేయమన్నది. ఫోటో బ్లాకు తయారైంది. దాని చుట్టు అలంకారానికి ఏదన్నా ఉండాలె. కొత్త బ్లాకు చెక్కించుటకు సమయం లేదు. నా ప్రెస్సులో కోడిగుడ్డు ఆకారపు చట్రం ఒక్కటే ఉండెను, చుట్టూ బంతిపూల దండ, కింద ముడి. అది దశదిన కర్మ కార్డులకు వాడేది. నాంపల్లి, సుల్తాన్ బజార్, ఖైరతాబాద్ ఎక్కడ ఎవరు పోయినా ఆ దండలోనే పోయేవారు. పదిహేనేండ్లుగా దాని మీద సిరా ఆరలేదు.

నేను ఆ దండలో కిష్టవ్వను పెట్టినాను.

తెలియక కాదు. కంపోజిటరు, "సారూ, గిది దినాల దండ గదా" అన్నాడు. పూలకు చావు బతుకులు తెలుస్తాయా అని అతన్ని కసిరి పని కానిచ్చినాను. బతికి ఉన్న మనిషి పటానికి దండ వేయరాదన్నది మూఢనమ్మకమని నా సిద్ధాంతం. సిద్ధాంతం నాది, మొఖం ఆమెది. ఈ తేడా నాకు ఆనాడు తట్టలేదు.

నుమాయిష్‌లో మొదటి వారంలోనే సీసాలన్నీ అయిపోయినవి.

4. ఆ సీసాలలో కొన్ని ఎట్లనో తిరిగి తిరిగి పల్లె అంగళ్లకు చేరినవి. కిష్టవ్వ చెల్లెలు లక్ష్మీనర్సమ్మ తమ అంగట్లో ఒక సీసా చూసి, అక్క బొమ్మకు దండ చూసి, ఉన్నపళంగ నాలుగు కోసులు ఏడ్చుకుంటూ నడిచి ఎర్రకుంట వచ్చింది. వాకిట్లో కిష్టవ్వ తొక్కు నూరుతున్నది. చెల్లె గడప దాటి లోపలికి రాలేదు. వాకిలి బయటనే నిలబడి, "నువ్వు నిజంగ మా అక్కవేనా, ఏది, చిన్నప్పుడు బాయిల పడ్డదెవరో చెప్పు" అని అడిగిందట. జయమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు నేను పడీ పడీ నవ్వినాను.

మార్చిలో కిష్టవ్వ నా ప్రెస్సుకు వచ్చింది. కొంగులో మడిచి తెచ్చిన లేబులు బల్ల మీద పరిచి, వేలుతో దండ చుట్టూ గీసింది.

"గిది తీసెయ్యి సారూ."

నేను ఆమెకు అర్ధగంట ఉపన్యాసం ఇచ్చినాను. చావు ఎట్ల వస్తుంది, గుండె ఎట్ల ఆగుతుంది, కాగితం మీది పూలు మనిషిని ఏమీ చేయలేవని శాస్త్రప్రకారం వివరించినాను. ఆమె కూర్చొని అంతా విన్నది. నేను ఆగినాక అన్నది:

"నీ ముచ్చట మంచిగనే ఉన్నది. దండ తీస్తవా?"

రెండో ముద్రణలో తీస్తానన్నాను. ఊర్లె పిల్లలు తనను చూస్తే ఉరుకుతున్నరని, బాయి కాడ ఆడోళ్లు బిందెలు జరుపుకుంటున్నరని అప్పుడు చెప్పింది. పోయేటప్పుడు మెట్లమీద ఆగి, "నువ్వు సదువుకున్నోనివి. నేను సావనని నాకూ తెలుసు. ఊరికి తెల్వద్దా?" అన్నది.

రెండో ముద్రణ నాకు రాలేదు. మండలి ఆ పని వేరే చోట ఇప్పించింది. వాళ్లు నా లేబులునే మక్కీకి మక్కీ దించినారు, దండతో సహా. అడుగున చిన్న అక్షరాలలో ఉన్న నా ప్రెస్సు పేరును కూడా వదలలేదు. కనుక నాటి నుండి నేటి వరకు బజారులో తిరిగే ప్రతి సీసా మీద ఆమె చావు, నా పేరు కలిసే ఉన్నవి.

5. 1965 ఆగస్టులో "కిష్టవ్వ తొక్కు" అను పేరును, బొమ్మను మండలి రిజిస్టరు చేసింది. పథకం ప్రకారం పేరు రైతుది. రైతు సమ్మతి, సంతకం లేక వేలిముద్ర తప్పనిసరి. ఫైలు తయారుచేసిన ఉద్యోగి ఎర్రకుంటకు పోలేదు. ఉత్తరం రాయలేదు. ఫైలుకు అంటించిన లేబులు చూసినాడు. దండ చూసినాడు. "పేరు గల వ్యక్తి సమ్మతి" అన్న గడిలో ఇట్లా రాసినాడు: "వ్యక్తి కీర్తిశేషురాలు అయినందున అవసరం లేదు."

తర్వాత ఆ పేరు వారసులు లేని స్మారక నామమని నిర్ణయించి, తయారీ హక్కు ఆబిడ్స్‌లో ఒక కాంట్రాక్టరుకు అప్పగించినారు.

దండ వేసినది నేను, ఒప్పుకుంటాను. దాన్ని చూసి ఆమెను మట్టి చేసినది తమ కార్యాలయం. నా తప్పు తమ తప్పుకు సాకు కాదు. ఒక మనిషి ఉన్నదో లేదో తెలుసుకొనుటకు గౌలిగూడలో బస్సు ఎక్కితే రెండు గంటలు. ఆ రెండు గంటలు ఎవరూ కూర్చోలేదు.

6. ఈ సంగతి మాకు తెలిసిన విధము: ఆ నవంబరులో జయమ్మ తన అత్త నూరిన తొక్కులో మిగిలిన ఆరు జాడీలు మొజంజాహీ మార్కెట్‌లో ప్రహ్లాద్ అను దుకాణదారు వద్దకు తెచ్చింది. ఆయన వాళ్ల సరుకు మొదటి నుండీ తీసుకుంటున్నవాడు. మూత తీసి వాసన చూసి, మూత పెట్టి, గల్లాపెట్టెలో నుండి మండలి నోటీసు తీసి చూపించినాడు. ఆ పేరుతో వేరెవరి సరుకూ అమ్మరాదు.

"సరుకు మంచిదే అమ్మా. పేరు నీది కాదంటున్నరు."

"మా అత్తమ్మ పేరు సారూ."

"ఆ అత్తమ్మ లేదంటున్నరు."

జయమ్మ జాడీలు ఆయన దగ్గరనే వదిలి, మార్కెట్ నుండి నా ప్రెస్సుకు ఉరికి వచ్చింది. వచ్చీరాంగనే అడిగిన మాట: "అత్తమ్మకు ఏమన్న అయిందా సారూ? పొద్దుగాల నేను బస్సెక్కేటప్పుడు మంచిగనే ఉండె." నోటీసు అంత గట్టిగా రాసి ఉన్నది. సర్కారు కాగితం చూసినాక, తన కండ్లతో చూసి వచ్చిన మనిషి మీద ఆమెకు అనుమానం వచ్చింది.

7. నవంబరు 18న నేను కిష్టవ్వను, జయమ్మను వెంటబెట్టుకొని తమ కార్యాలయానికి వచ్చినాను. సంబంధిత గుమాస్తా భావనారాయణ. కోస్తా మనిషి, రాజధానితో పాటు ఇటు వచ్చినవాడు, నెమ్మదస్తుడు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఫైలు తెరిచి చదివి, తలెత్తి ఆమెను చూసి, మళ్లీ ఫైలు చూసి, కుర్చీలో నుండి లేచి నిలబడ్డాడు.

"మామ్మగారూ, ఏం చెప్పమంటారండీ. ఇందులో మీరు చనిపోయినట్టు ఉందండి."

"ఎవలు రాసిన్రు?"

"ఆయనకి బదిలీ అయిపోయిందండి."

"ఆయన బతికున్నడా?"

"ఉన్నారండి."

"మరి ఆయన్ను దెచ్చి, నన్ను జూసి కొట్టేయమను."

భావనారాయణ ఆమెకు తన గ్లాసులో మంచినీళ్లు ఇచ్చినాడు. ఆమె తాగుతుంటే కన్నార్పకుండా చూసినాడు. ఆయన కూడా రుజువు వెతుక్కుంటున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. కొట్టివేసే అధికారం తనకు లేదని, బతికి ఉన్నట్టు గెజిటెడ్ అధికారి ధ్రువపత్రం తెమ్మని చెప్పినాడు.

తెచ్చినాము. సర్కారు దవాఖాన డాక్టరు నాడి చూసి, "కిష్టవ్వ అను స్త్రీ నా యెదుట సజీవముగా హాజరైనది" అని రాసిచ్చినాడు. దాన్ని పరిశీలించి పైఅధికారి వేసిన కొర్రీ ఇది: లేబులు మీది కిష్టవ్వ కీర్తిశేషురాలు అని రికార్డు, హాజరైన కిష్టవ్వ సజీవురాలు, కనుక ఇద్దరూ ఒకరే అనుటకు ఆధారము లేదు. ఊరి నుండి గుర్తింపు తెమ్మన్నారు. పట్వారీ రాసిచ్చినాడు. దాని మీద ముద్ర సరిగా పడలేదన్నారు. మళ్లీ తెచ్చినాము. అప్పటికి సంక్రాంతి దాటింది. ఫైలు పై అంతస్తుకు పోయినదన్నారు. పై అంతస్తులో కిందికి వచ్చినదన్నారు.

8. తమ గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉన్నది. వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, పని రాసి సంతకం తీసుకుంటారు, చదువురానివారి వేలిముద్ర తీసుకుంటారు. అందులో ఈ తేదీలు చూడవలెను: 1965 నవంబరు 18, డిసెంబరు 2, డిసెంబరు 21, 1966 జనవరి 27, మార్చి 10, ఏప్రిల్ 19, మే 17, జూన్ 24. ఎనిమిది పర్యాయములు కిష్టవ్వ, గ్రామం ఎర్రకుంట, అని ఊదా సిరాతో వేలిముద్ర ఉంటుంది. ఒక కార్యాలయం ఒకే మనిషిని గేటు దగ్గర బతికించి, రెండో అంతస్తులో చంపుతూ ఏడు నెలలు గడిపింది. కీర్తిశేషురాలైన స్త్రీని లోనికి ఎట్లా రానిచ్చినారని ఆ చౌకీదారును ఎవరన్నా సంజాయిషీ అడిగినారా? లేదు. అతను ఆమె మొఖం చూసి రాసినాడు. మిగిలినవారు కాగితం చూసి రాసినారు.

ఇంకొక సాక్ష్యం ఉన్నది. ముద్ర వేసినాక ఆమె బొటనవేలును గేటు పక్క సున్నపు గోడకు తుడిచేది, ప్రతిసారీ అదే చోట, తన భుజమంత ఎత్తున. చీరెకు అంటుకుంటే పోదని. మొన్న మంగళవారం పోయి చూసినాను. ఒక వానకాలం పోయింది. అయినా మరకలు ఉన్నవి. లెక్కబెట్టినాను, ఎనిమిది. వాటి పక్కన నా చెయ్యి పెట్టి చూసినాను. గోడ ఎండకు కాగి వెచ్చగా ఉన్నది. ఉగాదికి కార్యాలయానికి సున్నం వేయిస్తున్నారని విన్నాను. ఈ అర్జీ తీరువరకు ఆ ఒక్క మూరెడు గోడను వదిలిపెట్టించ ప్రార్థన.

9. మే 17న వరండాలో బెంచీ మీద కూర్చొని ఉండగా, ఎవరో గుమాస్తా భోజనానికి తెచ్చుకున్న "కిష్టవ్వ తొక్కు" సీసా కిటికీలో కనబడింది. ఆమె అడిగి తీసుకున్నది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నది, కండ్లు మూసుకున్నది. చాలాసేపు మూసుకునే ఉన్నది. మేము వద్దన్నా ఇంకోసారి చూసింది.

"గిండ్ల మిరపకాయ తక్కువున్నది. రంగు కలిపిన్రు." సీసా తిప్పి తన బొమ్మను చూసుకున్నది. "నన్ను జూసి కొంటున్నరు. తిని నన్నే తిడుతున్నరు. సచ్చినోళ్లను తిట్టద్దంటరు, గందుకే జర మెల్లగ తిడుతున్నరేమో."

అని నవ్వింది.

10. జూన్ 24 తర్వాత పదకొండో రోజున, 5 జూలై 1966 నాడు, పది రోజుల జ్వరంతో కిష్టవ్వ ఎర్రకుంటలో చనిపోయింది. దండ వలన కాదు. ఫైలు వలననని కూడా నేను అనను. వానలో బస్సు దిగి రెండు మైళ్లు నడిచింది, జ్వరం వచ్చింది, ఊర్లో దవాఖాన లేదు. నాకు తెలిసిన శాస్త్రం ఇంతవరకే చెబుతుంది. మిగిలినది చెప్పుట లేదు.

జయమ్మ ప్రెస్సుకు వచ్చింది. దినాలకు కార్డులు ఏమన్నా వేయమంటావా అన్నాను. మా వృత్తిలో ఎవరు పోయినా మేము అడిగే మొదటి మాట అదే.

"కార్డులెందుకు సారూ," అన్నది. "సీసాల మీద మస్తుగున్నయి గదా."

ఆమె నన్ను ఎత్తిపొడిచేందుకు అనలేదు. ఖర్చెందుకని అన్నది.

11. ఆమె మరణం గురించి, ఇప్పుడైనా ఫైలు త్వరగా తేల్చమని నేను మండలికి ఉత్తరం రాసినాను. సెప్టెంబరులో జవాబు వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాస్తున్నాను: "సదరు వ్యక్తి మరణించినట్లు తమ ఉత్తరము ద్వారానే ధ్రువపడినందున, మా రికార్డులోని నమోదు సరియైనదేనని తేలినది. ఇక చర్య అవసరము లేదు."

అయ్యా, నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివినాను. చివరికి అందరూ పోతారు కనుక, ఎవరిని ఎప్పుడు చనిపోయినట్టు రాసినా ఏదో ఒకనాటికి ఆ రికార్డు సరియైనదే అవుతుంది. తమ కార్యాలయం తొందరపడింది, అంతే. ఆమె వెనకనుండి వచ్చి కలుసుకున్నది.

12. నేను దయ్యాలను నమ్మను. నమ్మవద్దని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి, అమావాస్యనాడు శ్మశానంలో కూర్చొని చాయ తాగి చూపించినవాణ్ణి. నాకు కనబడేది పట్టపగలు కనబడుతుంది. ఆబిడ్స్‌లో కిరాణా దుకాణం ముందర వరుసగా ముప్పై సీసాలు, ముప్పై మంది కిష్టవ్వలు, అందరి చూపూ నా వైపే. స్టేషను ఎదురుగా హోటల్లో ఖాళీ సీసాలో చెంచాలు నిలబెట్టినాడు. లేబులు నీళ్లకు నాని కింది సగం పోయింది, కండ్లు, పైదండ మిగిలినవి. సుల్తాన్ బజార్‌లో సూదులమ్మేవాడు సూదులు అందులో పోసుకున్నాడు. ఒక ఇంట్లో దీపాలకు గ్యాసునూనె, ఒక ఇంట్లో తులసి కొమ్మ. సీసా గట్టిది, ఎవరూ పారేయరు. తొక్కు అయిపోయినాక కూడా ఆమెకు సెలవు దొరకదు.

మా ఇంట్లోకి కూడా వచ్చింది. పక్కింటివారు ఆవాలు అడిగి తీసుకొని, తిరిగి ఇస్తూ ఆ సీసాలో పోసి ఇచ్చినారు. నా భార్య విద్యావతి దాన్ని అరలో పెట్టి, మొఖం గోడ వైపు తిప్పింది. ఇప్పటికీ అట్లనే ఉన్నది.

చచ్చి తిరిగేదాన్ని దయ్యమంటారు. బతికి ఉండగానే చచ్చినట్టు రాయబడి, నేను ఉన్నానని ఎనిమిదిసార్లు వచ్చి చెప్పి, వినిపించుకొనేవారు లేక పోయిన మనిషిని ఏమనాలె? దానికి మాట నా దగ్గర లేదు, తమ నిఘంటువులో ఉన్నదేమో.

13. ప్రస్తుత పరిస్థితి. జయమ్మ ఈ సీజను పండుమిరప తెంపి తొక్కు నూరింది. పన్నెండు జాడీలు సిద్ధంగా ఉన్నవి. ఎట్ల నూరినవని అడిగితే, అత్తమ్మ ఉన్నన్నాళ్లు తనకు వాసన తెలిసేది కాదని, ఈసారి పిడికెడు ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిందని చెప్పింది. చెప్పి, భయపడ్డట్టు జాడీకి మూత పెట్టింది. ప్రహ్లాద్ ఆ పేరుతో అయితే పన్నెండూ ఒక్కరోజులో పోతాయంటున్నాడు. పేరు లేకపోతే ఏ ఊరి తొక్కో ఎవరికి ఎరుక, మళ్లీ మండీకే, మండీ చెప్పిన ధరకే. వచ్చే ఏడు మిరప వేయాలనా, నాలుగెకరాలు కౌలుకిచ్చి పట్నం వచ్చి మట్టిపని చేయాలనా అని అంజయ్య ఆలోచిస్తున్నాడు.

మార్చి 1న ఆ పేరును మరి ఐదేండ్లకు కాంట్రాక్టరుకు ఇచ్చు కాగితం తమరి సంతకానికి వస్తుంది. భావనారాయణ చెప్పినాడు, ఆయన మీద కోపగించవద్దు. పేరు గల మనిషి 9 ఆగస్టు 1965 నాడు లేనిదైతే, ఆ సంతకం సక్రమము. ఆనాడు ఆమె బతికి ఉన్నదైతే, ఆమె వేలిముద్ర లేని రిజిస్ట్రేషను చెల్లదు, పేరు ఇంటికి పోతుంది. అంతా ఆ ఒక్క పంక్తి మీదనే నిలిచి ఉన్నది.

కావున తమరిని కోరునది:

గేటు రిజిస్టరు తెప్పించి, ఫైలు పక్కన పెట్టి, "కీర్తిశేషురాలు" అన్న మాటను కొట్టివేసి, "ఈ తేదీ నాటికి సజీవురాలు, 5 జూలై 1966 నాడు మరణించినది" అని తమ చేతితో రాయవలెను.

మార్చి 1 నాటి కాగితం మీద సంతకం చేయరాదు.

పేరును జయమ్మకు అప్పగించవలెను. బొమ్మ విషయం ఆమెనే అడిగినాను. బొమ్మ వద్దన్నది. "బజార్ల మస్తు తిరిగింది. అత్తమ్మ మొఖం ఇగ ఇంటికి రావాలె" అన్నది.

ఇక మీదట ఏ రైతు పేరు రిజిస్టరు చేసినా, ఒక ఉద్యోగి బస్సెక్కి పోయి ఆ మనిషి చేతి నీళ్లు తాగి వచ్చినాకనే చేయవలెను. ఏటేటా పంట ఇంటికొచ్చినప్పుడు ఆ వేలిముద్ర మళ్లీ తీసుకోవలెను. పేరు అమ్ముకొమ్మని రైతుకు చెప్పే హక్కు, ఆ పేరు గల మనిషి ఎట్లున్నదో తెలుసుకునేవారికే ఉన్నది. ఈ చివరి వాక్యం నన్ను నేను తిట్టుకొనుటకు రాసినాను. తమకు కూడా పనికివస్తే వాడుకొనవచ్చు.

ఇంతవరకు చదివినట్లయితే చిత్తగించినట్లే. ఇక రాయవలసినది తమరు.

విధేయతకు మాట ఇయ్యజాలని, అబద్ధం మాత్రం చెప్పని,
సదాశివ
ముద్రాపకుడు

జతపరచినవి: డాక్టరు ధ్రువపత్రం నకలు. పట్వారీ గుర్తింపు నకలు. జయమ్మ నూరిన తొక్కు, చిన్న జాడీ ఒకటి, లేబులు లేనిది. బంతిదండ బ్లాకు ఒకటి; ఆకురాయితో అరగదీసినాను, ఇక అచ్చు పడదు.

తాజా కలం: గత మంగళవారం తమ బల్ల మీద కలాలు పెట్టుకున్న సీసా ఆమెదే. తమరికి తెలియకపోవచ్చు, ఆ గదిలో ముందునుండీ ఉన్నదేమో. జయమ్మ లోపలికి వచ్చి దాన్ని చూసి ఆగిపోయింది. తమరు ఆమె మొఖం చూసి, ఆ సీసాను మెల్లగ గోడ వైపు తిప్పిన్రు. నేను చూసిన. నాకు కోపం రాలేదు. మా ఇంట్ల కూడా అట్లనే తిప్పి ఉన్నది గదా.

సారూ, జర దాన్ని ఇటు తిప్పండి. అందులోని కలమే తీసుకోండి. ఏ కాగితం మీద పెడతారో పెట్టండి సంతకం. ఆమె చూస్తుండంగ పెట్టండి.